'యస్' అన్నిసార్లూ 'అవును' కాదు: ఇంగ్లిష్ గ్రామర్ చుట్టూ అపోహలు – వాస్తవాలు

పదహారేళ్లుగా విజయవాడలో స్పోకెన్ ఇంగ్లిష్ నేర్పుతున్నాను. డిగ్రీ పిల్లలు, విదేశాలకు వెళ్లబోయే నర్సులు, క్లయింట్ కాల్ అంటే చాలు టెన్షన్ పడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, పిల్లల స్కూల్లో టీచర్‌తో ధైర్యంగా మాట్లాడాలని వచ్చే అమ్మలు... ఎవరు వచ్చినా మొదటి రోజు చెప్పేది ఒకటే: "మేడమ్, నాకు గ్రామర్ రాదు." వాళ్ల మాటలు వింటే మాత్రం నాకు గ్రామర్ లేకపోవడం వినిపించదు. తెలుగు గ్రామర్ వినిపిస్తుంది, అదీ చాలా పక్కాగా. అందుకే మనవాళ్ల తప్పుల్లో చాలావరకు ముందే ఊహించగలం, ముందే సరిచేసుకోగలం కూడా.

అపోహ: తెలుగులో ఆలోచించడమే మన సమస్య. తెలుగును మర్చిపోతేనే ఇంగ్లిష్ వస్తుంది.

తెలుగును మర్చిపోనక్కర్లేదు. తెలుగు ఎలా పనిచేస్తుందో గమనిస్తే చాలు, తప్పు ఎక్కడ పుడుతోందో దొరికిపోతుంది.

"డైలీ ఐ విల్ గో టు ఆఫీస్ బై బస్." మా క్లాసులో ఈ వాక్యం వినని వారం లేదు. 'రోజూ బస్సులో వెళ్తాను', 'రేపు బస్సులో వెళ్తాను' – రెండింటికీ మనకున్నది ఒకే క్రియ, 'వెళ్తాను'. ఇంగ్లిష్‌లో ఇవి వేర్వేరు. రోజూ చేసే పనికి 'ఐ గో', రేపటి పనికి 'ఐ విల్ గో'. 'విల్' నోటి దాకా వచ్చినప్పుడు, మనసులో వాక్యానికి ముందు 'రోజూ' అని పెట్టి చూడండి. చక్కగా అతికితే 'విల్' తీసేయండి.

'నుంచి' కూడా ఇలాంటిదే. '2022 నుంచి చేస్తున్నాను', 'రెండేళ్ల నుంచి చేస్తున్నాను' అని రెండు చోట్లా ఒకే మాట వాడతాం. అందుకే "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్" అని వచ్చేస్తుంది. క్యాలెండర్ మీద వేలు పెట్టి 'ఇదిగో, ఇక్కడ మొదలైంది' అని చూపించగలిగితే 'సిన్స్'. ఎన్ని రోజులు, ఎన్నేళ్లు అని లెక్కపెట్టేదైతే 'ఫర్'. దాంతోపాటు క్రియ కూడా మారాలి: "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్."

కొన్నిచోట్ల తెలుగే కాపాడుతుంది. "వన్ ఆఫ్ మై ఫ్రెండ్" అనేవాళ్లను తెలుగులో చెప్పమని అడుగుతాను. 'నా ఫ్రెండ్స్‌లో ఒకడు' అంటారు. 'ఫ్రెండ్‌లో ఒకడు' అని ఎవరూ అనరు. ఆ బహువచనాన్ని అలాగే తీసుకెళ్లి "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్" అంటే సరిపోయింది.

అపోహ: జరిగిపోయిన దాని గురించి అడుగుతున్నాం కాబట్టి "డిడ్ యు వెంట్?" సరైనదే.

ఇక్కడా జవాబు తెలుగులోనే ఉంది. 'వెళ్లాను' అనేదాన్ని కాదనాలంటే 'వెళ్లలేదు' అంటాం. 'వెళ్లానులేదు' అనం. జరిగిపోయిందన్న సంగతి 'లేదు' మోస్తోంది కాబట్టి 'వెళ్ల' మామూలుగా ఉండిపోయింది. ఇంగ్లిష్‌లో ఆ బరువు మోసేది 'డిడ్'. కాబట్టి "డిడ్ యు గో?", "ఐ డిడ్ నాట్ గో."

అపోహ: వేర్, వాట్, వెన్ వస్తే ఎప్పుడైనా ప్రశ్న లాగే రాయాలి.

"ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి" అనడానికి ఇదే కారణం. నిరుడు ఒక బ్యాచ్‌లో దీన్ని వివరించడానికి బోర్డు మీద రెండు తెలుగు వాక్యాలు రాశాను:

అతను ఎక్కడున్నాడు?
అతను ఎక్కడున్నాడో నాకు తెలియదు.

తేడా ఏమిటో చూడమన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక బెంచీలో కూర్చున్న బీకాం అమ్మాయి, "మేడమ్, రెండోదానికి 'ఓ' వచ్చి చేరింది" అంది. సరిగ్గా పట్టుకుంది. ఆ చిన్న 'ఓ' మనకు ఏం చెబుతోంది? 'ఇది ఇక ప్రశ్న కాదు, పెద్ద వాక్యంలో ఒక ముక్క' అని. ఇంగ్లిష్‌లో అలాంటి 'ఓ' లేదు. ఆ పని మాటల వరసతో చేస్తారు. ప్రశ్న అయితే 'వేర్ ఈజ్ హి', ప్రశ్న కాకపోతే 'వేర్ హి ఈజ్'. 'ఏమిటో, ఎప్పుడో, ఎందుకో, ఎంతో' అని తెలుగులో 'ఓ' పలికే చోటల్లా ఇంగ్లిష్‌లో మామూలు వాక్యపు వరస రావాలి. "టెల్ మి వాట్ యువర్ నేమ్ ఈజ్." "ఐ నో వై షి లెఫ్ట్." ఆ రోజు నుంచి ఆ బ్యాచ్‌లో ఈ తప్పు దొర్లితే పక్కవాళ్లు 'ఓ' అని గుర్తుచేసేవారు.

అపోహ: యస్ అంటే అవును, నో అంటే కాదు. ఇందులో నేర్చుకోవడానికి ఏముంది?

నా దృష్టిలో మనవాళ్లకు ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. ఎందుకంటే ఇందులో వాక్యం ఎక్కడా తప్పుగా వినిపించదు, అర్థం మాత్రం తలకిందులవుతుంది.

నా దగ్గర నేర్చుకున్న ఒకబ్బాయి ఓ రాత్రి పదకొండు గంటలకు ఫోన్ చేశాడు, గొంతులో కంగారు. కాల్‌లో క్లయింట్ "యు హ్యావెంట్ స్టార్టెడ్ ద టెస్టింగ్ యెట్?" అని అడిగాడట. ఇతను మర్యాదగా "యస్" అన్నాడు. తన మనసులో ఉన్నది 'అవునండీ, ఇంకా మొదలుపెట్టలేదు' అని. అవతలివాళ్లకు అందింది 'మొదలుపెట్టాం' అని. వెంటనే, 'అయితే ఎంతవరకు వచ్చింది, రిజల్ట్స్ పంపించండి' అన్నారు. అక్కడి నుంచి ఆ అబ్బాయికి నోట మాట రాలేదు.

తెలుగులో 'ఇంకా మొదలుపెట్టలేదా?' అంటే 'అవునండీ, ఇంకా లేదు' అన్నా, 'లేదండీ' అన్నా ఎదుటివాళ్లకు ఒకే సంగతి అందుతుంది. మన 'అవును' అవతలి మనిషి మాటతో ఏకీభవిస్తుంది. ఇంగ్లిష్ 'యస్' అలా కాదు. అది జరిగిన పనిని బట్టి వస్తుంది. పని జరిగితే యస్, జరగకపోతే నో, వాళ్లు ఎలా అడిగినా సరే. మీరు చెప్పబోయే వాక్యంలో 'నాట్' ఉంటే 'నో'తో మొదలుపెట్టండి, లేకపోతే 'యస్'తో. "నో, వి హ్యావెంట్." అలవాటు పడేవరకు ఒట్టి యస్, ఒట్టి నో చెప్పి ఆగవద్దు. వెనకాల చిన్న వాక్యం తగిలిస్తే అపార్థానికి చోటుండదు.

"డు యు మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?" అని అడిగినప్పుడూ జాగ్రత్త. 'మీకు అభ్యంతరమా?' అని అడుగుతున్నారు. చిరునవ్వుతో 'యస్' అంటే, కూర్చోవద్దన్నట్టు.

అపోహ: ఎ, ఇ, ఐ, ఓ, యు అక్షరాలతో మొదలైతే 'యాన్', మిగతావాటికి 'ఎ'.

స్కూల్లో ఇలాగే బట్టీ పట్టించారు. కానీ చూడాల్సింది ఇంగ్లిష్ స్పెల్లింగ్‌ను కాదు, నోట్లో పలికే శబ్దాన్ని. ఇక్కడ మనకొక వరం ఉంది, మన లిపి. పలికింది పలికినట్టు రాసే లిపి కాబట్టి, ఆ మాటను తెలుగులో రాసి చూడండి. అచ్చుతో మొదలైతే 'యాన్', హల్లుతో మొదలైతే 'ఎ'. యూనివర్సిటీలో మొదటిది 'య', కాబట్టి "ఎ యూనివర్సిటీ". అవర్‌లో మొదటిది 'అ', కాబట్టి "యాన్ అవర్". ఎమ్మెల్యే, ఎంబీఏ, ఎక్స్‌రే అన్నీ 'ఎ'తో మొదలవుతాయి, అన్నింటికీ 'యాన్'. వన్ రూపీ కాయిన్ 'వ'తో మొదలవుతుంది, కాబట్టి 'ఎ'.

ఒక్క చోట మాత్రం మన లిపి తప్పుదారి పట్టిస్తుంది. యాపిల్, యాక్టర్, యాంగిల్ అని రాస్తాం గానీ, ఆ మాటల మొదట్లో నిజానికి ఉన్నది అచ్చే. ఆ అచ్చుకు తెలుగులో అక్షరం లేక 'యా' వాడుతున్నాం. వాటికి 'యాన్' రావాలి. అలాగే ఎలిఫెంట్‌ను 'యెలిఫెంట్' అని పలికే అలవాటు ఉంటే ముందు దాన్ని సరిచేసుకోవాలి.

అపోహ: వెనకాల 'ఇంగ్' తగిలిస్తే ఇంగ్లిష్ బాగుంటుంది.

"ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్" అన్నది 'నాకు అర్థం కావడం లేదు' నుంచి నేరుగా దిగింది. "ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్" కూడా మన దగ్గర ఇంతే తరచుగా వినిపిస్తుంది. చేతులతోనో కాళ్లతోనో చేస్తున్న పని అయితే 'ఇంగ్' పెట్టండి. తెలియడం, అర్థం కావడం, నమ్మడం, ఉండటం లాంటి స్థితులకు మామూలుగా పెట్టరు. "ఐ డోంట్ అండర్‌స్టాండ్." "ఐ హ్యావ్ టూ బ్రదర్స్." 'ఐ యామ్ హ్యావింగ్ లంచ్' మాత్రం సరైనదే, అక్కడ తినే పని జరుగుతోంది కాబట్టి.

అపోహ: మనం వాడే ఇంగ్లిష్ అంతా తప్పే.

ఇది వింటే నాకు బాధగా ఉంటుంది. 'ప్రీపోన్' అన్నందుకు ఆఫీసుల్లో నవ్వులపాలైన పిల్లలు నాకు తెలుసు. ఆ మాట ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ఉంది. 'డూ ద నీడ్‌ఫుల్' ఒకప్పుడు బ్రిటిష్ ఆఫీసు ఉత్తరాల్లో మామూలు మాట. అక్కడ వాడకం తగ్గింది, మన దగ్గర నిలిచింది.

'కజిన్ బ్రదర్' సంగతీ చూడండి. పెదనాన్న కొడుకు మనకు అన్నయ్య, మేనమామ కొడుకు బావ. ఈ రెండు వరసల మధ్య తేడా మన ఇళ్లలో ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు. ఇంగ్లిష్ వాళ్లకు ఇద్దరూ కజినే. అన్నయ్యను అన్నయ్యగా నిలబెట్టుకోవడానికి మనవాళ్లు పక్కన 'బ్రదర్' చేర్చారు. మన మధ్య హాయిగా వాడుకోండి. విదేశీయులతో మాట్లాడేటప్పుడు 'కజిన్' చాలు.

వాక్యం చివర 'విత్', 'ఫర్', 'అబౌట్' లాంటివి రాకూడదన్న నియమం కూడా ఇలాంటి భయమే. 1672లో జాన్ డ్రైడెన్ అనే కవి, బెన్ జాన్సన్ రాతల్లో ఇలాంటి వాక్యాన్ని తప్పుబట్టాడు. తర్వాత వచ్చిన వ్యాకరణాల పుణ్యమా అని అది బడుల్లోకి పాకింది. "హూ ఆర్ యు టాకింగ్ టు?" అన్నది చక్కని ఇంగ్లిష్. నిశ్చింతగా అనండి.

అపోహ: పన్నెండు టెన్స్‌ల పట్టిక నోటికి వచ్చాకే మాట్లాడాలి.

పట్టిక అప్పజెప్పి, 'నిన్న ఏం చేశావమ్మా?' అంటే నోరు మెదపని పిల్లలను చూశాను. 'ఐ గో', 'ఐ యామ్ గోయింగ్', 'ఐ వెంట్', 'ఐ హ్యావ్ గాన్', 'ఐ విల్ గో' – ఈ ఐదూ తడుముకోకుండా వస్తే రోజువారీ మాటలకు చాలావరకు సరిపోతుంది. నిన్న, పోయిన వారం, 2019లో అని సమయం చెబితే 'హ్యావ్' వద్దు. "ఐ సా హిమ్ ఎస్టర్‌డే."

అపోహ: గ్రామర్ యాప్ ఉంటే అన్నీ అదే సరిచేస్తుంది.

"ఐ విల్ గో టు ద జిమ్ డైలీ" అని టైప్ చేయండి. ఎర్ర గీత రాదు, ఎందుకంటే ఇకమీదట రోజూ వెళ్తానని ఒట్టు పెట్టుకునే మనిషికి ఆ వాక్యం సరైనదే. మీరు చెప్పదలచుకున్నది ఐదేళ్లుగా వెళ్తున్నానని. ఆ సంగతి యాప్‌కు ఎలా తెలుస్తుంది?

అందుకే మా క్లాసులో వారానికి ఒక్క తప్పునే పట్టుకుంటాం. ఫోన్‌లో రెండు నిమిషాలు తమ దినచర్య గురించి మాట్లాడి రికార్డు చేసుకుంటారు, తర్వాత విని ఆ ఒక్క తప్పునే లెక్కపెడతారు. మిగతావి ఆ వారానికి వదిలేస్తారు. మాట్లాడుతుండగా మధ్యలో ఆపి సరిచేయడం నేను ఎప్పుడో మానేశాను, అలా చేస్తే మనిషి ముడుచుకుపోతుంది. ఒక నర్సు మొదటి రికార్డింగ్‌లో 'విల్' పదకొండు సార్లు వచ్చింది. ఐదో వారం రెండే వచ్చాయి. ఆ రెండూ మర్నాటి నైట్ డ్యూటీ గురించి చెప్పినవి.