ఆమ్లంలోనే విరిగే తాళంచెవి: ప్యాంటోప్రజోల్ ఇంజెక్షన్ సంగతి

కడుపులో ఆమ్లం తగ్గించే ప్యాంటోప్రజోల్ ఇంజెక్షన్ చిన్న గాజు వయల్‌లో తెల్లటి పొడిగా వస్తుంది. వాడేటప్పుడు సెలైన్ పోసి కరిగించుకోవాలి. ఇంత శ్రమ దేనికి, ద్రవంగానే నింపి పెట్టొచ్చు కదా? ఈ ప్రశ్నకి జవాబు తెలిస్తే మందుని ఎలా కలపాలో, దేనితో కలపకూడదో, ఎవరికి ఈ సూది అక్కర్లేదో కూడా తెలిసిపోతుంది. పాఠాల్లో దీన్ని 'ప్రోటాన్ పంపుని ఆపే మందు' అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తారు. అలా వదిలేయడం వల్లే మిగతా జాగ్రత్తలన్నీ బట్టీ పట్టాల్సి వస్తోంది.

కడుపు గోడలో ఆమ్లం తయారుచేసే పెరైటల్ కణాల్లో సన్నటి కాలువలుంటాయి. వాటి అంచుల వెంట ప్రోటాన్ పంపులు బారులు తీరి ఉంటాయి. పంపు ఒక పొటాషియం అయాన్‌ని కణంలోకి లాక్కుంటూ ఒక హైడ్రోజన్ అయాన్‌ని కాలువలోకి తోస్తుంది. ఆ కాలువలో పీహెచ్ దాదాపు 1 (ఈ కొలత 7 కంటే ఎంత తగ్గితే అంత ఆమ్లం, ఎంత పెరిగితే అంత క్షారం). శరీరం మొత్తంలో అంత పుల్లటి చోటు మరొకటి లేదు.

పంపుని తాళం అనుకుంటే మన మందు ఒక వింత తాళంచెవి. రక్తంలో తిరుగుతున్నంతసేపూ ఏ తాళంలోనూ పట్టదు. గట్టి ఆమ్లం తగిలినప్పుడే ఒంపు తిరిగి తాళంలో దూరుతుంది, అక్కడే విరిగి ఇరుక్కుపోతుంది. ఇక ఆ తాళం తెరుచుకోదు. కణం కొత్త తాళం చేసుకుంటే తప్ప ఆమ్లం రాదు.

రసాయనశాస్త్రం మాటల్లో చెప్తే ఇది బలహీనమైన క్షారం. కాలువలోకి రాగానే ఒక ప్రోటాన్‌ని తగిలించుకుని ధనావేశం పొందుతుంది. ఆవేశమున్న అణువు కణపొరని దాటి వెనక్కి పోలేదు, అందుకే రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా అక్కడే పోగుపడుతుంది. తర్వాత అణువు లోపలే అమరిక మారి సల్ఫెనమైడ్ అనే చురుకైన రూపం అవుతుంది. అది పంపు ప్రోటీన్‌లో 813, 822 స్థానాల్లో ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లాల గంధకంతో డైసల్ఫైడ్ బంధం వేసుకుంటుంది. మందు అర్ధాయువు, అంటే రక్తంలో సగానికి తగ్గే సమయం, సుమారు ఒక గంటే. అయినా ఒక డోసు పని రోజంతా ఉంటుంది, ఎందుకంటే చెవి జేబులో లేకపోయినా ముక్క తాళంలోనే ఉండిపోయింది.

ఇప్పుడు వయల్ దగ్గరికి వద్దాం. ఆమ్లంలో విరగడమే ఈ చెవి గుణం అయినప్పుడు, తాళం దాకా చేరకుండానే జేబులో విరిగితే? ముక్క దేనికీ పనికిరాదు. పీహెచ్ 5 ఉన్న ద్రావణంలో సుమారు 2.8 గంటలకే సగం మందు చెడిపోతుంది. 7.8 దగ్గర సగం చెడటానికి దాదాపు 220 గంటలు పడుతుంది. అందుకే కలిపాక ద్రావణం పీహెచ్ 9 నుంచి 10.5 మధ్య ఉండేలా, అంటే సబ్బు నీళ్ళంత క్షారంగా, పొడిని తయారుచేస్తారు. ఎంత క్షారంలో పెట్టినా నీళ్ళలో నెలల తరబడి నిలవలేదు కాబట్టి ఎండబెట్టిన పొడి రూపం తప్పలేదు.

40 మి.గ్రా. వయల్‌కి 0.9 శాతం సెలైన్ 10 మి.లీ. పోయాలి. రబ్బరు మూతని స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, అప్పుడు సూది గుచ్చాలి. సెలైన్‌ని గోడ వెంబడి మెల్లగా వదిలి, పొడి పూర్తిగా కరిగేదాకా వయల్‌ని అటూ ఇటూ తిప్పాలి. ద్రావణం తేటగా, రంగు లేకుండా లేదా లేత పసుపు ఛాయలో ఉండాలి. గోధుమ రంగు తిరిగినా, నలక కనిపించినా పారేయడమే. ఆ రంగు విరిగిన చెవుల ముక్కలది. 10 మి.లీ.నీ నరంలోకి కనీసం రెండు నిమిషాలు తీసుకుని ఎక్కించాలి. డ్రిప్‌గా ఇవ్వాలంటే ఆ 10 మి.లీ.ని సెలైన్‌లో గానీ 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో గానీ కలిపి మొత్తం 100 మి.లీ. చేసి, సుమారు 15 నిమిషాల్లో ఎక్కించాలి. కండకి, చర్మం కిందకి ఇచ్చే మందు కాదిది. కలిపాక ఎన్ని గంటల్లో వాడాలన్నది కంపెనీని బట్టి మారుతుంది, వయల్‌తో వచ్చే కాగితంలో చూసుకోవాలి. క్రిముల భయం ఎలాగూ ఉంది కాబట్టి కలిపిన వెంటనే ఇచ్చేయడం అన్నిటికంటే మంచిది.

ఎక్కువ తప్పులు జరిగేది నరంలో పెట్టే గొట్టం, అదే కాన్యులా దగ్గర. ఒకే గొట్టంలోంచి మిడజోలామ్ అనే మత్తుమందు ఎక్కించి, వెంటనే ప్యాంటోప్రజోల్ ఎక్కిస్తే గొట్టంలోనే తెల్లటి మడ్డి దిగొచ్చు. మిడజోలామ్ ఆమ్ల ద్రావణంలోనే కరిగి ఉంటుంది, క్షారం తగిలితే బయటపడుతుంది. ఇటు ఆమ్లం తగిలి మన చెవీ విరుగుతుంది. ఇద్దరికీ నష్టమే, పైగా మడ్డి నరంలోకి పోతుంది. జింక్ కలిసిన ద్రావణాలతోనూ పొసగదు. కాబట్టి ముందు సెలైన్‌తో గొట్టం కడగాలి, మందివ్వాలి, మళ్ళీ కడగాలి. గొట్టంలో రంగు మారినా మసకబారినా అక్కడే ఆపేయాలి. ఎక్కించేటప్పుడు చెయ్యి మండుతోందనో వాచిందనో రోగి చెప్తే అది గారాబం కాదు. అంత క్షారం నరం బయటికి కారితే కండ దెబ్బతింటుంది, నరంలోనే ఉన్నా నరం వాచి రక్తం గడ్డకట్టొచ్చు. ఆపి, చోటు మార్చాలి.

ఇంజెక్షన్ నిజంగా అవసరమయ్యేది ఎక్కడ? పుండులో రక్తనాళం తెగినప్పుడు. ఆమ్లంలో ప్లేట్‌లెట్లు ఒకదాన్నొకటి సరిగా అంటుకోవు. కష్టపడి కట్టిన గడ్డని పెప్సిన్ అనే జీర్ణరసం మాంసం ముక్కని అరిగించినట్టు అరిగిస్తుంది. కడుపులో పీహెచ్ 6 పైన ఉంటే గడ్డ నిలుస్తుంది. ఎండోస్కోపీతో (నోటి నుంచి కెమెరా గొట్టం దింపి) రక్తం ఆపాక 80 మి.గ్రా. ఒక్కసారి ఇచ్చి, గంటకి 8 మి.గ్రా. చొప్పున 72 గంటలు ఎక్కించే పద్ధతి ఇందుకే వచ్చింది. ఒకే పెద్ద డోసు ఎందుకు చాలదంటే, పంపులన్నీ ఒకేసారి కాలువలోకి రావు. కొన్ని కణం లోపల నిద్రపోతుంటాయి. ఆమ్లం తోడని పంపు దగ్గర చెవి ఒంపు తిరగదు. అవి లేచేసరికి రక్తంలో మందు ఉండదు. చెవులు ఆగకుండా వస్తూ ఉంటే లేచిన తాళం లేచినట్టే మూతపడుతుంది. లెక్క సులువే: రెండు వయల్స్ కలిపిన 20 మి.లీ.కి 80 మి.లీ. సెలైన్ చేరిస్తే మి.లీ.కి 0.8 మి.గ్రా. గంటకి 10 మి.లీ. వేగం పెడితే 8 మి.గ్రా. అందుతుంది, సీసా పది గంటలొస్తుంది. విడివిడి డోసులు కూడా ఈ నిరంతర డ్రిప్‌కి తీసిపోవని తర్వాతి పరిశోధనలు చూపాయి. ఏది ఎంచుకున్నా రక్తం ఆపేది ఎండోస్కోపీయే, మందు దానికి తోడు.

రెండో సందర్భం నోటితో ఏమీ మింగలేని స్థితి. అన్నవాహిక ఆమ్లానికి ఒరుసుకుపోయిన వారికి రోజుకి 40 మి.గ్రా. ఒకసారి, ఏడు నుంచి పది రోజులు. కాలేయం బాగా దెబ్బతిన్నవారికి డోసు తగ్గించాలి, మూత్రపిండాల జబ్బుకి మార్చక్కర్లేదు. ఇదివరకు ఈ కుటుంబపు మందులతో దద్దుర్లో ఊపిరాడకపోవడమో జరిగినవారికి ఇవ్వకూడదు.

ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు అంటూ మామూలుగా మింగగలిగి వచ్చినవారికి ఈ సూది పొడవడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. సూదిలో మాత్రలో లేని బలం ఉంటుందన్న నమ్మకం చాలా పాతది, కానీ ఇక్కడ దానికి ఆధారం లేదు. మింగిన ప్యాంటోప్రజోల్‌లో సుమారు 77 శాతం రక్తంలోకి చేరుతుంది, తాళాల దగ్గరికి వచ్చే చెవి అదే. మింగగలిగిన రోజునే సూది ఆపి మాత్రకి మారాలి. నెలల తరబడి వాడితే మెగ్నీషియం తగ్గడం, ఏళ్ళ తరబడి వాడితే బి12 లోపించడం లాంటివి మాత్రతోనూ ఉంటాయి. కడుపులో పుండ్లు తెచ్చే హెలికోబ్యాక్టర్ క్రిమి కోసం శ్వాస పరీక్ష ఉంటే రెండు వారాల ముందే మందు ఆపాలి, లేకపోతే క్రిమి ఉన్నా లేనట్టే చూపిస్తుంది.

మాత్రని తిండికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. తిండి తగలగానే పంపులు లేస్తాయి, అప్పటికి చెవులు రక్తంలో సిద్ధంగా ఉండాలి. నమలకూడదు, విరవకూడదు, పొడి చేయకూడదు. పైనున్న పూత కడుపు దాటి పేగులోకి వెళ్ళాకే కరిగేలా పూసినది. అది పగిలితే కడుపులో నిలిచి ఉన్న ఆమ్లమే చెవిని తాళం దాకా పోనివ్వకుండా విరిచేస్తుంది.