బొద్దింకలకు పంపే సారె

విశాఖపట్నం,
శ్రావణ మాసం.

చిరంజీవులకు ఆశీస్సులు.

మా మేడ మీది వాటాలో ఉండే ఆరో తరగతి అమ్మాయి మొన్న నన్నొక ప్రశ్న అడిగింది. "తాతగారూ, రాత్రి వంటింట్లో నాన్న బొద్దింక మీద మందు కొట్టారు. అది వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంది. పొద్దున్న అమ్మ చీపురు తీసుకుని వెళ్లేసరికి అక్కడ లేదు. చచ్చిన బొద్దింక ఎక్కడికి పోతుందండీ?" వాళ్ల తమ్ముడికి ఆయాసం ఉంది. అందువల్ల, ఇంత ఘాటైన మందు మనల్ని మాత్రం ఊరుకుంటుందా అన్న రెండో ప్రశ్న ఆ పిల్ల అడగకపోయినా నాకు వినబడింది. వానలకు కాలువలు నిండి, మ్యాన్‌హోళ్లలోంచి పెద్ద బొద్దింకలు మెట్లెక్కి వచ్చే ఈ రోజుల్లో మన ఊళ్లో ప్రతి ఇంటికీ పనికొచ్చే సంగతి గనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. కొన్నిసార్లు చీమలు ఈడ్చుకుపోతాయి. కొన్నిసార్లు బొద్దింకే లేచి వెళ్లిపోతుంది. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఇమిప్రోత్రిన్, సైపర్‌మెత్రిన్ వంటి పేర్లు ఉంటాయి, చదవండి. వీటిని పైరెత్రాయిడ్లు అంటారు. చామంతి జాతికి చెందిన ఒక తెల్లపువ్వులో పురుగులను చంపే గుణం ఉందని పూర్వమే కనిపెట్టారు. ఆ గుణానికి నకళ్లుగా రసాయన శాలల్లో తయారైనవే ఇవి. ఇవి పురుగు నరాలను అదుపు తప్పిస్తాయి. కాళ్లన్నీ ఒక్కసారిగా కొట్టుకోవడంతో బొద్దింక వెల్లకిలా పడుతుంది, నున్నని గచ్చు మీద మళ్లీ తిరగబడలేదు. అయితే పడిపోవడం వేరు, చావడం వేరు. తగిలిన మోతాదు తక్కువైతే దాని ఒంట్లోని రసాయనాలు విషాన్ని విరిచేస్తాయి, కొన్ని గంటలకు తేరుకుంటుంది. అలా తేరుకోగలిగినవే పిల్లల్ని కంటాయి, ఆ పిల్లలకూ తట్టుకునే శక్తి వస్తుంది. 1950లలోనే అమెరికాలోని టెక్సాస్‌లో క్లోర్డేన్ అనే మందుకు లొంగని బొద్దింకలు బయటపడ్డాయి. తరవాత వచ్చిన మందులకూ అదే గతి పట్టింది. పైగా వంటింటి అరల్లో తిరిగే చిన్న జాతి ఆడ బొద్దింక ముప్పై నలభై గుడ్లున్న సంచిని పిల్లలు బయటికి వచ్చేదాకా వెంటే మోసుకు తిరుగుతుంది. ఆ సంచి తొడుగు దాటి మందు లోపలికి పోవడం కష్టం.

మా చిన్నతనంలో, 1960లలో, మేము వన్ టౌన్‌లో పెంకుటింట్లో ఉండేవాళ్లం. మలేరియా వాళ్లు వీపుకు పంపులు తగిలించుకుని వచ్చి గోడలకు డీడీటీ అనే దోమల మందు కొట్టి, తలుపు పక్కన తేదీ అచ్చు వేసి వెళ్లేవారు. వాళ్లు వస్తున్నారంటే మా అమ్మమ్మ ఉట్టి మీది పెరుగు కుండతో సహా వంటసామగ్రి అంతా పెరట్లోకి చేర్చి తడిబట్టలు కప్పేది. మేమేమో పంపు వెనకాలే పరుగులు తీసేవాళ్లం. తరవాత చాలా రోజులు గోడకు ఆనుకుంటే చొక్కా భుజం తెల్లగా అయ్యేది. పెద్దవాళ్లు దాన్ని దులిపి ఊరుకునేవారే తప్ప ఎవరూ కంగారు పడేవారు కాదు. అదే డీడీటీని 1989లో పొలాల్లో వాడకూడదని మన ప్రభుత్వం నిషేధించింది. అంతకు చాలా ముందు, 1958లో కేరళలో, పారాథియాన్ అనే పురుగుమందు కలిసిన గోధుమపిండి తిని వందమందికి పైగా చనిపోయారు. ఆ ఘోరం తరవాతే 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. డబ్బా మీద రంగు గుర్తు ఉంటుంది చూడండి, అది ఆ చట్టం కింద చేసిన నియమాలు పెట్టిందే. ఎరుపు అతి తీవ్రమైన విషానికి, ఆ తరవాత వరసగా పసుపు, నీలం, చివరికి ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉన్నంత మాత్రాన తులసి తీర్థం కాదు, తక్కువ విషం అని మాత్రమే అర్థం.

ఇక మన సంగతి. పైరెత్రాయిడ్లను మన కాలేయం త్వరగానే విరిచి బయటికి పంపుతుంది. అందుకే బొద్దింకను పడగొట్టిన మోతాదు మనల్ని పడగొట్టదు. కానీ గాలిలో తేలే ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి వెళితే దగ్గు, కళ్లమంట వస్తాయి; ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆయాసం ఎక్కువవుతుంది; చర్మం మీద పడితే చిమచిమలాడుతుంది. ఆరుబయట ఎండకు ఈ మందు త్వరగా చెడిపోతుంది. మంచం కింది దుమ్ములో ఎండ ఏది? అక్కడ వారాల తరబడి నిలిచి, నేల మీద పాకే పసివాడి చేతికి, చేతి నుంచి నోటికి చేరుతుంది. పిల్లి ఒంట్లో ఈ విషాన్ని విరిచే శక్తి తక్కువ, వీటిలో పెర్‌మెత్రిన్ అనే రకం దానికి మరీ ప్రమాదం. చేపల తొట్టి ఉన్న గదిలో కొడితే చేపలు చస్తాయి. డబ్బాలోంచి మందును బయటికి తోసే వాయువు మండే స్వభావం గలది, కాబట్టి స్టవ్ వెలుగుతుండగా వంటింట్లో కొట్టడం ఎవరు చేసినా, వాళ్లు మీకంటే ఎంత పెద్దవాళ్లయినా, ఆపమని చెప్పండి. గది మూసి వదిలే పొగ డబ్బాలు ఇంకా దండగ. అమెరికాలో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2019లో ప్రచురించిన పరిశోధనలో వాటివల్ల బొద్దింకలు తగ్గలేదు, వంటగది గట్ల మీదా నేల మీదా విషం మాత్రం పెరిగింది. అలాగని బొద్దింకలతో సహజీవనం చేయమనడం లేదు. వాటి రెట్ట, అవి విడిచిన కుబుసం దుమ్ములో కలిసి ఉబ్బసాన్ని రేపుతాయి. మేడ మీది పిల్లాడికి మందు ఎంత శత్రువో బొద్దింకా అంతే.

అదే పరిశోధనలో బాగా పని చేసినది ఒకటుంది: సిరంజిలాంటి గొట్టంలో దొరికే జెల్. దాని పని తీరు చెప్పాలంటే మనకు సారె చాలు. ఆషాఢం పుట్టింట గడిపిన కొత్త కోడలు శ్రావణంలో అత్తవారింటికి సారె తెస్తుంది కదా. కాజాలు, అరిసెలు, సున్నుండలు, కాస్త గట్టి వియ్యంకులైతే మాడుగుల హల్వా. ఆ ఇంటివారే తిని ఊరుకోరు, పళ్లెంలో సర్ది వీధిలో ప్రతి గుమ్మానికీ పంచుతారు. పెళ్లికి రాలేని మంచంలోని ముసలమ్మకు కూడా ఒక కాజా అందుతుంది. జెల్ తిన్న బొద్దింక అక్కడికక్కడే చావదు, చీలికలోకి తిరిగి వెళుతుంది. అక్కడ చోటు కదలని పసి బొద్దింకలు పెద్దవాటి రెట్ట తిని పెరుగుతాయి. చచ్చినవాటిని బతికినవి తింటాయి. ఆ దారిన విషం గడప దాటని వాటికీ చేరుతుంది. గుమ్మానికి ఒక్క కాజా చాలినట్టే పెసరగింజంత చుక్క చాలు. ఒకేచోట ముద్ద పెట్టేకన్నా తలుపుల బందుల వెనక, సింకు కింద, ఫ్రిజ్ మోటారు పక్కన ఎక్కువ చోట్ల పెట్టాలి. ఫిప్రోనిల్ అనే మందు కలిపిన రకమైతే కిలో జెల్‌లో విషం అర గ్రాము మాత్రమే. సారె పళ్లెం మీద కిరసనాయిలు జల్లితే ఎవరు ముట్టుకుంటారు? జెల్ పెట్టిన చోట స్ప్రే కొట్టినా అంతే, ఆ వాసనకు బొద్దింకలు దూరంగా పోతాయి. ఎండి గట్టిపడిన సారె ఎవరూ తినరు, చుక్కలు మార్చాలి. పక్కింట్లో విందు జరుగుతుంటే సారె కోసం ఎవరు ఎదురుచూస్తారు? రాత్రి సింకులో ఎంగిలి కంచాలు వదిలేసి, జెల్ పని చేయలేదని అంగడివాణ్ణి తిట్టకూడదు. మా అమ్మమ్మ గిన్నెలు బోర్లించి, గట్టు పొడిగా తుడిచిగాని దీపం తగ్గించేది కాదు. ఈ విషయంలో ఈనాటి ఇళ్ల కంటే ఆ పెంకుటిల్లే నయం.

"మాకు తీపి పడదండీ" అని సారె తిప్పి పంపే ఇళ్లు కూడా ఉంటాయి. అమెరికాలో తీపి కలిపిన ఎరలు వాడగా వాడగా కొన్ని చోట్ల బొద్దింకలు గ్లూకోజును ముట్టడమే మానేశాయని 1993లో రాశారు. ఇరవై ఏళ్లకు, 2013లో, కారణం తేలింది: వాటి నోటి దగ్గర రుచి చూసే నరాలు గ్లూకోజును చేదుగా చెబుతున్నాయి! మనకు పాయసం కాకరకాయలా తోచడానికి ఎన్ని తరాలు పట్టేదో. నాకు దీన్ని ఇంతకంటే వివరించడం రాదు, ఆశ్చర్యపోవడం మాత్రం వచ్చు. ఇంకొకటి: ఈ చిన్న జాతికి జర్మన్ బొద్దింక అని పేరున్నా, సుమారు 2,100 ఏళ్ల క్రితం మన దేశంలోనో మయన్మార్‌లోనో మనుషుల ఇళ్లకు అలవాటు పడి పుట్టిందని 2024లో జన్యువులు చూసి తేల్చారు. అంటే మన బంగాళాఖాతం ఒడ్డు పిల్లే.

క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడరు కూడా పని చేస్తుంది. కాళ్లకు అంటినదాన్ని బొద్దింక నాకి చస్తుంది. మన సముద్రపు చెమ్మకు అది గడ్డకడుతుంది, పిండి పంచదారలతో ఉండలు చేస్తే పసివాళ్లు మిఠాయి అనుకుంటారు. గీతలు గీసే లక్ష్మణ రేఖ సుద్ద బడి చాక్‌పీసులా ఉంటుంది గనుక మీరు ముట్టుకోవద్దు. డైక్లోర్వాస్ అనే పురుగుమందును 2020 డిసెంబరు 31 నుంచి మన దేశంలో పూర్తిగా నిషేధించారు. పేరులేని సీసాల్లో పోసి అమ్మే మందేదీ ఇంట్లోకి రానివ్వకండి. ఎవరైనా పొరపాటున మింగితే వాంతి చేయించకుండా, డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇప్పుడు మీకొక పని. జిగురు పూసిన అట్టలు అంగట్లో దొరుకుతాయి, వాటిలో విషం ఉండదు. అమ్మను అడిగి సింకు కింద ఒకటి, ఫ్రిజ్ వెనక ఒకటి, మసాలా డబ్బాల అరలో ఒకటి, స్నానాల గది తూము దగ్గర ఒకటి పెట్టించి, మర్నాడు పొద్దున్న వెళ్లి చూడండి. ఎక్కడ ఎక్కువ పడ్డాయో, వాటిలో పెద్దవెన్నో, చిన్నవెన్నో కాగితం మీద వంటింటి పటం గీసి గుర్తు పెట్టి నాన్న చేతికివ్వండి. జెల్ చుక్కలు ఆ పటం చూసి ఆయనే పెడతారు. ఫ్రిజ్ మోటారు వెచ్చదనానికి అక్కడే ఎక్కువ పడతాయని నా అంచనా. మీ ఇంట్లో లెక్క వేరేగా వస్తే ఆ పటం నాకు పంపండి.

ఆశీస్సులతో,
తాతయ్య