‘సగం మందిలో పనిచేసింది’ అంటే? కీళ్లవాతం మందుల ట్రయల్స్‌పై అపోహలు, వాస్తవాలు

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి కొత్త మందు వచ్చిందని వార్త రాగానే ఓపీలో రెండు రకాల ప్రశ్నలు మొదలవుతాయి. ‘అంత బాగా పనిచేస్తుందా?’ అని కొందరు, ‘ఎవరి మీద ప్రయోగం చేశారో’ అని కొందరు. రెండింటికీ జవాబు ట్రయల్‌లో కీళ్లు ఎలా లెక్కపెట్టారన్న దగ్గరే ఉంటుంది.

అపోహ: 50 శాతం మందిలో పనిచేసిందంటే నొప్పి సగం తగ్గుతుందని.

ఇవి రెండు వేరు వేరు లెక్కలు. పేపర్లలో కనిపించే ‘ఏసీఆర్20’ (అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ పెట్టిన కొలత) పాస్ మార్కు లాంటిది. నొక్కితే నొప్పెట్టే కీళ్ల సంఖ్య, వాచిన కీళ్ల సంఖ్య రెండూ కనీసం 20 శాతం తగ్గాలి. అవి కాక ఇంకో ఐదు ఉన్నాయి: రోగి చెప్పే నొప్పి, మొత్తమ్మీద ఎలా ఉందో రోగి ఇచ్చే మార్కు, డాక్టరు ఇచ్చే మార్కు, జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం, కుళాయి తిప్పడం లాంటి పనులు చేసుకోగలగడం, ఈఎస్ఆర్ లేదా సీఆర్‌పీ (ఒంట్లో వాపు జోరు చెప్పే రక్తపరీక్షలు). వీటిలో కనీసం మూడు కూడా 20 శాతం మెరుగవ్వాలి. ఈ గీత దాటితే అందరూ పాసే. పది వాపులు ఎనిమిదికి దిగినావిడ, పదీ పోయినావిడ ఇద్దరూ ఒకే గడిలో పడతారు. అందుకే పక్కనున్న ఏసీఆర్50, ఏసీఆర్70 (ఇదే లెక్క, 50, 70 శాతం మెరుగుకి) అంకెలు చూడకుండా మందు మీద అభిప్రాయానికి రాకూడదు.

ప్లాసిబో (అసలు మందులా కనిపించే ఉత్తుత్తి మందు) జట్టు అంకె కూడా చూడాలి. 1999లో వెలువడిన ఇన్‌ఫ్లిక్సిమాబ్ (నరంలోకి ఎక్కించే కీళ్లవాతం మందు) ట్రయల్ ‘అట్రాక్ట్’లో 428 మంది ఉన్నారు. 30 వారాలకి, కిలోకి 3 మిల్లీగ్రాముల చొప్పున ఎనిమిది వారాలకోసారి మందు ఎక్కించుకున్నవాళ్లలో 50 శాతం ఏసీఆర్20 దాటారు. ప్లాసిబో వాళ్లలోనూ 20 శాతం దాటారు. మందు వల్ల అదనంగా వచ్చింది వందకి ముప్పై మంది.

ఆ ఇరవై ఎక్కణ్ణుంచి వచ్చింది? జబ్బు బాగా ముదిరినప్పుడే మనిషి ట్రయల్‌లో చేరతాడు, ఆ తర్వాత ఎటూ కొంత తగ్గుముఖం పడుతుంది. పైగా మాత్రలు లెక్కపెట్టేవాళ్లు ఉంటే రెండు జట్లూ వాడే పాత మందు మెథోట్రెక్సేట్‌ని వారం తప్పకుండా వేసుకుంటాడు. ఇంకో కారణం ఎవరూ గట్టిగా చెప్పరు. చేర్చుకోవాలంటే కనీసం ఆరు వాపులు ఉండాలని నిబంధన పెడితే, ఐదున్నచోట ఆరు కనబడతాయి. తర్వాతి విజిట్‌లో అదే చేతిని నిజాయితీగా చూస్తే రెండు జట్లలోనూ ‘మెరుగుదల’ వస్తుంది, మందుకీ ప్లాసిబోకీ తేడా కుంచించుకుపోతుంది. మంచి ట్రయల్స్‌లో కీళ్లు చూసే మనిషిని విడిగా పెట్టేది ఇందుకే. ఆయనకి ఏ మందు ఇస్తున్నారో తెలియదు, ల్యాబ్ రిపోర్టులు చూపించరు, వీలైనంతవరకు ప్రతిసారీ ఆయనే, అదే వేళకి చూడాలి. పొద్దున బిగుసుకున్న వేళ్లు మధ్యాహ్నానికి వదులవుతాయి కదా.

అపోహ: డాస్28 స్కోరు 2.6 కంటే తగ్గితే జబ్బు పూర్తిగా అణిగినట్టే.

డాస్28 అంటే నొప్పి కీళ్లు, వాపు కీళ్లు, రోగి మార్కు, రక్తపరీక్ష కలిపి జబ్బు జోరుకి ఇచ్చే స్కోరు. అది చూసేది 28 కీళ్లనే: భుజాలు, మోచేతులు, మణికట్లు, చేతివేళ్ల కణుపులు, మోకాళ్లు. పాదాలు లెక్కలోకి రావు. చెప్పులేసుకోలేక బాధపడే మనిషికి కూడా స్కోరు చక్కగా రావచ్చు.

ఇంకో మెలిక టోసిలిజుమాబ్ లాంటి ఐఎల్-6 మందులతో (వాపుని రేపే ఐఎల్-6 అనే ప్రొటీన్‌ని అడ్డుకునేవి) వస్తుంది. కాలేయం సీఆర్‌పీ తయారుచేసేది ప్రధానంగా ఐఎల్-6 ఆజ్ఞ మీదే. ఆ ఆజ్ఞని ఆపేస్తే, కీలు వాచే ఉన్నా సీఆర్‌పీ పడిపోతుంది, దాన్ని కలుపుకునే డాస్28 కూడా దిగుతుంది. (ఇన్‌ఫెక్షన్ వచ్చినా సీఆర్‌పీ పెరగకపోవచ్చు, అది వేరే ప్రమాదం.) ఇలాంటి మందుల ట్రయల్ చదివేటప్పుడు రక్తపరీక్ష అవసరం లేని సీడీఏఐ అనే స్కోరు వెతకండి. నొప్పి కీళ్లు, వాపు కీళ్లు, రోగి మార్కు, డాక్టరు మార్కు కలిపి 76కి లెక్క. 2.8 లేదా అంతకంటే తక్కువ ఉంటేనే జబ్బు అణిగినట్టు.

అపోహ: సగం మందికి ఉత్తుత్తి మాత్రలిచ్చి కీళ్లు పాడవనిస్తారు.

ఇప్పటి ట్రయల్స్‌లో చాలావరకు మెథోట్రెక్సేట్ అందరికీ కొనసాగుతుంది. దానిపై కొత్త మందు కలపాలా, ప్లాసిబో కలపాలా అన్నదే చీటీ వేసి తేలుస్తారు. 12 నుంచి 16 వారాల్లో మెరుగు కనిపించకపోతే అసలు మందుకి మార్చే ఏర్పాటు సాధారణంగా ప్రోటోకాల్‌లోనే ఉంటుంది. అలా మారినవాళ్లని చాలా ట్రయల్స్ ‘ఫెయిల్’ కిందే లెక్కిస్తాయి.

అపోహ: ఖరీదైన ఇంజెక్షనే ఎప్పుడూ మేలు.

2013లో వచ్చిన ‘రాక్యాట్’ ట్రయల్‌లో మెథోట్రెక్సేట్ ఒక్కటే సరిపోని 353 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి సల్ఫాసలజిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు కలిపారు. రెండో జట్టుకి వారానికి 50 మిల్లీగ్రాముల ఎటానర్‌సెప్ట్ ఇచ్చారు. ఎవరిది ఏదో తెలియకుండా మాత్రల వాళ్లకి ఉత్తుత్తి ఇంజెక్షన్, ఇంజెక్షన్ వాళ్లకి ఉత్తుత్తి మాత్రలు. 24 వారాలకి తగ్గనివాళ్లని అటువాళ్లని ఇటు, ఇటువాళ్లని అటు మార్చారు. 48 వారాలకి డాస్28 మాత్రల జట్టులో 2.1, ఇంజెక్షన్ జట్టులో 2.3 తగ్గింది. మాత్రలతో మొదలుపెట్టడం తీసిపోదని తేలింది. మా దృష్టిలో, సొంత డబ్బుతో మందు కొనుక్కునే చోట దీనికున్నంత విలువ చాలా కొత్త మందుల ట్రయల్స్‌కి లేదు.

అపోహ: అనుమతి వచ్చిందంటే భద్రత తేలిపోయినట్టే.

కీళ్లవాతం మాత్ర టోఫాసిటినిబ్‌కి అమెరికాలో 2012లో అనుమతి వచ్చింది. ఆ తర్వాత 50 ఏళ్లు దాటి, గుండెజబ్బుకి కనీసం ఒక ముప్పు ఉన్న 4,362 మందిని ఏళ్ల తరబడి గమనించారు. గుండెపోటు, పక్షవాతం లాంటివి టోఫాసిటినిబ్ జట్టులో 3.4 శాతం, టీఎన్‌ఎఫ్ ఇంజెక్షన్ల (ఎటానర్‌సెప్ట్ లాంటివి) జట్టులో 2.5 శాతం. క్యాన్సర్లు 4.2, 2.9 శాతం. మొదటి ట్రయల్స్ నెలల్లో ముగిసేవి, ఇంత అరుదైన తేడా వాటిలో కనబడదు. మన దగ్గర దీని జనరిక్ చవకగా దొరుకుతుంది కాబట్టి పొగతాగే అరవై ఏళ్ల మనిషికి రాసేముందు ఈ అంకెలు గుర్తుండాలి.

అపోహ: ఆయుర్వేదాన్ని ఇలా పరీక్షించడం కుదరదు. / ఆయుర్వేదం మెథోట్రెక్సేట్‌తో సమానమని రుజువైంది.

రెండూ తప్పే, రెండూ ఒకే ట్రయల్ చుట్టూ తిరుగుతాయి. కోయంబత్తూరులో చేసి 2011లో ప్రచురించిన ఆ ట్రయల్‌లో 43 మందిని మూడు జట్లుగా విడదీశారు: ఆయుర్వేదం, మెథోట్రెక్సేట్, రెండూ కలిపి. ప్రతి మందుకీ దాన్ని పోలిన ఉత్తుత్తి మందు తయారుచేశారు. 36 వారాలకి పెద్ద తేడా కనిపించలేదు. అయితే జట్టుకి సుమారు 14 మందితో తేడా ఉన్నా బయటపడదు. తేడా దొరకకపోవడం వేరు, సమానమని తేలడం వేరు. ‘తీసిపోదు’ అనిపించుకోవడానికి రాక్యాట్‌కి 353 మంది కావలసి వచ్చింది.

అపోహ: సంతకం పెడితే మధ్యలో బయటికి రాలేం.

ఎప్పుడైనా రావచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. మందు మానేయడం, ట్రయల్ మానేయడం ఒకటే కాదు. మందు ఆపేసి పరీక్షలకి మాత్రం రావచ్చు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం మన దేశపు 2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనల్లో ఉన్నాయి. చేరేముందు సీటీఆర్ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నంబరు అడిగి, వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. సంతకం చేసిన పత్రం కాపీ ఒకటి ఇంటికి తెచ్చుకోండి. వేరేచోట వేయించుకున్న ఇంజెక్షన్లు, పేరులేని పొడి మందులు ఉంటే దాచకుండా చెప్పండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే మొదటి రోజు వాపు దాక్కుంటుంది. అది ఆపేశాక ఎగసిన వాపుకి కొత్త మందు మీద నింద పడుతుంది.