మంత్రమే కదా, ఏమైనా జరగొచ్చు: యంగ్ అడల్ట్ ఫాంటసీ రాసేవాళ్ళ అపోహలు, అసలు వాస్తవాలు

దాదాపు ఏటా డిసెంబర్‌లో హైదరాబాద్ ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తకాల పండుగ మొదలవుతుంది. సంక్రాంతి సెలవులు అయ్యేలోపు ఎడిటర్ల బల్లల మీద యంగ్ అడల్ట్ ఫాంటసీ, అంటే టీనేజీ పిల్లల కోసం రాసిన మంత్రాలు, మాయల కథల రాతప్రతులు పేరుకుంటాయి. రాసేవాళ్ళలో బీటెక్ పిల్లలుంటారు, స్కూల్ టీచర్లుంటారు, ఇంట్లో పిల్లలకి కథలు చెప్పీ చెప్పీ ఇక రాసేద్దామని కూర్చున్న అమ్మలుంటారు. రెండేళ్ళు, మూడేళ్ళు కష్టపడతారు. చాలామందివి మొదటి 50 పేజీలు బాగుంటాయి, చివరి 50 పేజీలకి వచ్చేసరికి కూలిపోతాయి. కారణం చెబితే ముఖం వాడిపోతుంది. అప్పుడు దిద్దాలంటే మూడో అధ్యాయం దాకా వెనక్కి వెళ్ళాలి మరి. అందుకే రాయడానికి కూర్చోకముందే ఇది చదవండి.

అపోహ: మ్యాజిక్ అంటే ఏమైనా జరగొచ్చు. నియమాలు పెడితే ఊహకి కళ్ళెం వేసినట్టే.

వాస్తవం: ఏమైనా జరగొచ్చని తెలిసిపోయిన పాఠకుడికి ఏం జరిగినా గుండె కొట్టుకోదు. హీరోయిన్ లోయలోకి జారిపోతుంటే "ఎగురుతుందిలే" అనుకుని పేజీ తిప్పేస్తాడు. చివరి యుద్ధంలో హీరో అరచేతిలోంచి అంతకుముందెప్పుడూ చూడని వెలుగు పుట్టి విలన్ బూడిదైపోతాడు. రాసినవాళ్ళకి అది పతాక సన్నివేశం, చదివే పధ్నాలుగేళ్ళ పిల్లకి అది మోసం. "ఆ వెలుగేదో ముందే వాడుంటే వాళ్ళ తమ్ముడు బతికేవాడుగా" అంటుంది. ఆ ప్రశ్నకి పుస్తకంలో జవాబు లేకపోతే మీ రెండేళ్ళ కష్టం అక్కడితో సరి.

నియమాలు పరాయి సరుకనుకునేవాళ్ళు మన కథల్నే ఒకసారి తలుచుకోవాలి. మాంత్రికుణ్ణి చంపడం ఎవరి తరమూ కాదు, కానీ వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చెట్టుతొర్రలో చిలకలో ఉంటుంది. బేతాళుణ్ణి మోసే రాజు నోరు విప్పితే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది, జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుంది. కర్ణుడికి బ్రహ్మాస్త్రం వచ్చు, అవసరానికి గుర్తు రాదని గురువు శాపం. శక్తి ఎక్కడ ఆగుతుందో వినేవాడికి ముందే తెలుసు కాబట్టి ఊపిరి బిగబట్టి విన్నాడు.

పని ఇలా మొదలుపెట్టండి. ఒక కాగితం మీద నాలుగు ప్రశ్నలకి నాలుగే వాక్యాల్లో జవాబు రాయండి. ఈ శక్తి ఏం చేయగలదు? ఏం చేయలేదు? వాడిన ప్రతిసారీ ఏం పోతుంది? ఇంకెవరి దగ్గర ఉంది? ఆఖరి ప్రశ్నని ఎక్కువమంది దాటేస్తారు. విలన్‌కీ అదే శక్తి ఉంటే మొదటి అధ్యాయంలోనే పని ఎందుకు ముగించలేదన్నది అక్కడే తేలాలి.

అన్నిటికంటే కష్టం మూడో ప్రశ్న. "నీరసించి కూలబడింది", "ముక్కులోంచి రక్తం కారింది" అని రాసి ధర కట్టేశామనుకుంటారు. ఒక రాత్రి నిద్రతో తీరిపోయేది ధర కాదు. పోయింది తిరిగి రాకూడదు, ఎంత పోయిందో పాఠకుడు లెక్కపెట్టగలగాలి, పొద్దున లేచిన దగ్గర్నుంచీ అది జీవితంలో అడ్డుపడుతూ ఉండాలి.

ఒక ఉదాహరణ చివరిదాకా చూద్దాం. గోల్కొండలో ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే కిలోమీటరు దూరంలో, కొండ కొమ్మున ఉన్న బాలాహిస్సార్ దగ్గర వినిపిస్తుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళకి గైడ్లు రోజూ చేసి చూపించేదే. దీని మీద ఒక నవల కడదాం. కోట పక్క బస్తీలో అమ్మమ్మతో ఉండే 16 ఏళ్ళ అమ్మాయి తన చప్పట్లో మాట దాచి ఎంత దూరమైనా పంపగలదు. బలహీనమైన రాతప్రతిలో చివరికి ఏమవుతుందంటే, ఆమె గట్టిగా చప్పట్లు కొడుతుంది, కోట కంపిస్తుంది, శత్రువులు రాలిపోతారు. అయిపోయింది.

ఇప్పుడు ధర పెడదాం. మాట పంపిన ప్రతిసారీ, ఆ రోజు నిద్ర లేవగానే ఆమె మొదట విన్న చప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో దాని శబ్దాలన్నీ ఆమెకి శాశ్వతంగా పోతాయి. మొదటిసారి, కుక్కర్ విజిల్‌కి మెలకువ వచ్చిన రోజు మాట పంపినప్పుడు, ఈ సంగతి ఆమెకే తెలియదు. వంటింట్లో కుక్కర్ వెయిట్ ఎగిరెగిరి పడుతుంటుంది, ఆవిరి చిమ్ముతుంటుంది, ఆమె మాత్రం పక్కనే కూర్చుని విజిల్ కోసం చూస్తుంటుంది. మాడు వాసన వచ్చాక అమ్మమ్మ పరుగెత్తుకొచ్చి "చెవులేడ వెట్టినవే" అని కేకలేస్తుంది. ఒక్క పేజీ సన్నివేశం, ధర ఏమిటో పాఠకుడికి అర్థమైపోయింది.

నియమం తెలిశాక ఆమె తెలివి వాడాలి. నష్టం లేని చప్పుడుతో నిద్ర లేస్తే సరిపోతుందిగా? తలగడ పక్కన ఫోన్ అలారం పెట్టుకుంటుంది, ఒక మాట పంపుతుంది, ధర కింద ఫోన్ పోతుంది. ఇక అలారం వినపడదు, కాల్స్ వినపడవు. వినపడని అలారం నిద్ర లేపలేదు కాబట్టి అప్పట్నుంచీ అమ్మమ్మే లేపాలి. కథ బిగిసే చోటు ఇదే. ఆఖరి రోజు తెల్లవారుజామున "లెవ్వు బిడ్డా, నల్లా వచ్చింది" అన్న పిలుపుతో ఆమెకి మెలకువ వస్తుంది. సాయంత్రానికి కోట మీద చిక్కుకున్నవాళ్ళని కాపాడాలంటే ఆ గొంతు వదులుకోవాలి. గొంతుతో పాటు దగ్గు, గాజుల చప్పుడు, వాకిట్లో చెప్పుల చప్పుడు కూడా. కొత్త శక్తి ఒక్కటి కూడా పుట్టించలేదు, ఆ అమ్మాయి వాడిన తెలివే ఆమెని అక్కడికి తెచ్చింది.

ఇలాంటి నియమం రాసుకోగానే ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరికి చెప్పి పది నిమిషాలు వదిలేయండి. లొసుగులు వాళ్ళు వెతికినట్టు పెద్దవాళ్ళు వెతకలేరు. "రింగ్‌టోన్ మార్చుకోవచ్చుగా?" అని మొదట అడిగేది వాళ్ళే. పైన "దాని శబ్దాలన్నీ" అని ఉన్నది అందుకే. "చెవుల్లో దూది పెట్టుకుని లేస్తే?" అంటారు. ఆ ప్రయత్నమూ పుస్తకంలో ఉండాలి, అది ఎందుకు కుదరలేదో చూపించాలి. మూసుకోలేని లొసుగు దొరికితే నియమమే మార్చుకోండి. 300 పేజీల తర్వాత మార్చడం కంటే ఇప్పుడు హాయి.

30 అధ్యాయాల నవల అనుకుంటే, శక్తి పనిచేయడం మూడు, నాలుగు అధ్యాయాల్లో చిన్న పనిమీద చూపించాలి. ధర ఏమిటో పదో అధ్యాయంలోపు తెలియాలి. పన్నెండు, పదమూడు దగ్గర అది ఒకసారి ఘోరంగా విఫలం కావాలి, అది కూడా నియమం వల్లే. 20 దాటాక కొత్త శక్తి, కొత్త ఆయుధం, కొత్త గురువు ఏదీ రాకూడదు. అక్కణ్ణుంచి ఉన్నవాటితోనే నెగ్గాలి లేదా ఓడాలి.

ఇప్పటికే మొత్తం రాసేసినవాళ్ళు కంగారు పడకండి, చింపెయ్యకండి. ఒక నోటుబుక్కులో నాలుగు గడులు గీయండి: అధ్యాయం, శక్తి ఎవరు వాడారు, దేనికి, ఏం పోయింది. నవల మొదటినుంచీ చదువుతూ నింపండి. నాలుగో గడి వరసగా మూడుసార్లు ఖాళీగా ఉన్నచోట పాఠకుడు జారిపోతాడు, మరమ్మతు అక్కడ మొదలుపెట్టండి. ముగింపుని కాపాడుతున్న శక్తి ఏదో గుర్తించి దాన్ని ముందు మూడుచోట్ల నాటండి, పనిచేసినట్టు ఒకచోట, ధర కట్టినట్టు ఒకచోట, విఫలమైనట్టు ఒకచోట. ఒక్కోటి ఒకటి రెండు పేజీలు చాలు. చాలా రాతప్రతులు ఈ మాత్రానికే లేచి నిలబడతాయి.

ఇంకో చిన్న పరీక్ష. మంత్రం తీసేసి ఆ చోట సెల్‌ఫోనో బైకో పెట్టండి. సన్నివేశం ఏమీ మారకుండా నడిచిపోతే అక్కడ మంత్రం దండగ.

అపోహ: హీరో అందరికంటే బలవంతుడై ఉండాలి, పుట్టకముందే జోస్యం ఉండాలి.

వాస్తవం: అభిమన్యుడికి 16 ఏళ్ళు. పద్మవ్యూహంలోకి వెళ్ళడం తెలుసు, బయటికి రావడం తెలియదు. తెలియదని తెలిసీ వెళ్ళాడు. ఈ వయసు పాఠకులకి అంతకంటే దగ్గరి హీరో ఎవరు? శక్తి ఎంతైనా పెట్టండి, నిర్ణయం మాత్రం హీరోదే కావాలి. జోస్యం పెడితే వచ్చే చిక్కు కూడా ఇదే, నిర్ణయాలన్నీ అది తీసేసుకుంటుంది. ప్రతి అధ్యాయం చివర "ఇక్కడ నిర్ణయం ఎవరిది?" అని మార్జిన్‌లో పేరు రాయండి. 30లో సగానికి హీరో పేరు లేకపోతే కథ వేరేవాళ్ళది. గురువు పేరే పదిసార్లు వస్తే సగం దాటేలోపు ఆయన్ని ఎటైనా పంపించెయ్యాలి, చంపక్కర్లేదు, అందుబాటులో లేకపోతే చాలు.

అపోహ: ప్రపంచం మొత్తం కట్టాకే కథ మొదలుపెట్టాలి.

వాస్తవం: మ్యాపులు, వంశవృక్షాలు, కొత్త లిపి అని ఏళ్ళు గడిపేస్తారు, ఒక్క అధ్యాయం ఉండదు. అక్కడ పూట తిండికి ఎంతవుతుంది, ఎవరి మాట చెల్లుతుంది, ఏం చేస్తే శిక్ష పడుతుంది, ఈ మూడూ తెలిస్తే మొదలుపెట్టండి. మిగతాది అవసరం వచ్చినప్పుడు కట్టుకోవచ్చు.

అపోహ: డ్రాగన్లు, మంత్రదండాలు, మంచుకొండల మీద కోటలు ఉంటేనే పిల్లలు చదువుతారు.

వాస్తవం: 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు పట్టుకుని సుమారు 150 మంది బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. దీనికి మంత్రం ఒక్కటే కలపండి: చెట్టు మోయగలిగింది 150 మందినే, కింద నీళ్ళలోంచి ఇంకో చెయ్యి పైకి లేచింది. ఇందులో పరిమితీ ఉంది, ధరా ఉంది, ఒక నవలకి సరిపడా కథా ఉంది. డ్రాగన్ ఇష్టమైతే డ్రాగనే రాయండి, తప్పు లేదు. కానీ పిల్లలు అడుగుతున్నది అదొక్కటేనని మాత్రం అనుకోవద్దు.

అపోహ: మంత్రాలు, రాజుల కథ అంటే గ్రాంథికమే రాయాలి.

వాస్తవం: ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలు రెండో పేజీలోనే మూసేస్తారు. మామూలు తెలుగు రాయండి. పాత్ర పాతబస్తీదైతే ఆ మాట రావాలి, కొంచెం ఉర్దూ కలిసినా మంచిదే. మంత్రం మూడు నుంచి ఐదు అక్షరాల్లో, నోటితో పలకడానికి వీలుగా ఉండాలి. రాశాక పైకి చదివి చూసుకోండి. రాని సంస్కృతంతో సమాసాలు అల్లకండి, తెలిసినవాళ్ళకి మొదటి పంక్తిలోనే దొరికిపోతాయి. ఇళ్ళల్లో భక్తిగా జపించే మంత్రాల్ని, బీజాక్షరాల్ని ఆయుధాలుగా వాడొద్దు. పిల్లలు వాటితో ఆడతారు, ఇంట్లో పెద్దవాళ్ళ మనసు కష్టపడుతుంది.

అపోహ: ఇలాంటివి చదివితే పిల్లలు మూఢనమ్మకాల్లో పడతారు.

ఇది తల్లిదండ్రుల భయం, ఈ భయాన్ని ఎవరూ చిన్నచూపు చూడకూడదు. పేపర్లో క్షుద్రపూజల వార్తలు చదివినవాళ్ళు పిల్లాడి చేతిలో మంత్రగాడి బొమ్మ ఉన్న పుస్తకం చూస్తే ఉలిక్కిపడతారు. వాస్తవం ఏమిటంటే, పదమూడేళ్ళు వచ్చిన పిల్లలకి కథ కథేనని తెలుసు. అనుమానం ఉంటే మొదటి 50 పేజీలు మీరూ చదవండి. చూడాల్సింది మంత్రం ఉందా లేదా అని కాదు, చావుని, హింసని ఎలా చూపించారన్నది. ప్రేమకథ ఎంత దూరం పోయిందో కూడా చూడండి. యంగ్ అడల్ట్ అనే ముద్ర కింద పన్నెండేళ్ళవాళ్ళకి పనికొచ్చేవీ ఉంటాయి, పదిహేడు దాటాక చదవాల్సినవీ ఉంటాయి.

అపోహ: రిజిస్టర్ చేయించకుండా ఎవరికైనా చూపిస్తే కథ కొట్టేస్తారు.

ఈ పుకారు వల్ల ఎంతమంది ఒక్కరికీ చూపించకుండా పెట్టెలో దాచుకున్నారో! 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన మరుక్షణమే హక్కు మీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కోర్టుకి వెళ్ళాల్సి వస్తే సాక్ష్యంగా ఉపయోగపడుతుంది. ఆ హక్కు మీరున్నంతకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు ఉంటుంది. అయితే కాపాడేది మీరు రాసిన రాతని, ఐడియాని కాదు. "చప్పట్లతో మాట పంపే అమ్మాయి" అన్న ఆలోచన ఎవరైనా రాసుకోవచ్చు, మీ వాక్యాలు మాత్రం ఎత్తకూడదు. ప్రతి డ్రాఫ్టూ తేదీతో మీ మెయిల్‌కే పంపుకోండి. ఒప్పందంలో "సర్వహక్కులు" అన్న మాట కనిపిస్తే సంతకం ఆపి, అనువాదం, ఆడియో, సినిమా హక్కులు విడివిడిగా రాయించుకోండి.

అపోహ: ఫాంటసీ అంటే మూడు భాగాలు ఉండాల్సిందే.

వాస్తవం: మొదటి భాగం అడిగిన ప్రశ్న మొదటి భాగంలోనే తేలాలి. సగంలో ఆపి "తరువాయి భాగంలో" అంటే ఆ రెండోది కొనేవాళ్ళు ఉండరు. మన కథలో కోట మీద చిక్కుకున్నవాళ్ళు బతికారా లేదా అన్నది మొదటి పుస్తకంలోనే తెలియాలి. అమ్మమ్మ గొంతు మళ్ళీ వినపడుతుందా అన్నది కావాలంటే రెండోదానికి ఉంచుకోండి.