మోటారు పోయిందా? ముందు పైపు చూడండి

సంక్రాంతికి ఇల్లు దులిపే రోజులొస్తే చాలు, మా రిపేరు షాపుకి ఒకటే ఫోన్లు: "అన్నా, వాక్యూమ్ క్లీనర్ లాగట్లేదు, మోటారు పోయినట్టుంది."

అపోహ: లాగడం తగ్గిందంటే మోటారు పోయినట్టే.

వాస్తవం: కాదు. మోటారు పోతే మిషన్ తిరగదు, లేదా కాలిన వాసన వస్తుంది. చప్పుడు వస్తూనే లాగడం లేదంటే ముందు అనుమానించాల్సింది గాలి దారిని. శబ్దం సన్నబడి కీచుమంటుంటే మోటారు మీద భారం పడిందని భయపడతారు. నిజానికి అప్పుడు ఫ్యానుకి గాలి అందక మోటారు ఇంకా వేగంగా తిరుగుతోంది. చాలా మిషన్లలో లోపలికి లాగిన గాలే మోటారుని చల్లబరుస్తుంది. అది అందకపోతే వేడెక్కి, థర్మల్ కటాఫ్ (వేడి ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) ఉన్న మిషన్ తనంతట తానే ఆగిపోతుంది. టెన్షన్ పడకండి. ప్లగ్ తీసి, అడ్డు తొలగించి, ఓ గంట చల్లారనివ్వండి. చాలావరకు మళ్లీ తిరుగుతుంది.

బ్యాగు, ఫిల్టరు బిగించే ఉంచి, హోస్ పైపు ఒక్కటి ఊడదీయండి. స్విచ్ వేసి మిషన్ నోటి దగ్గర అరచెయ్యి పెట్టండి. చేతిని గట్టిగా లాక్కుంటే మిషన్ బాగున్నట్టే, అడ్డు పైపులోనో బ్రష్‌లోనో ఉంది. లాక్కోకపోతే బ్యాగు, ఫిల్టరు చూడండి. పైపులో ఒక రూపాయి బిళ్ల వేసినా తెలిసిపోతుంది, అవతల చివర నుంచి పడాలి.

పోయినేడు ఒక పెద్దావిడ ఆటోలో మిషన్ వేసుకుని వచ్చారు. వేరేచోట మోటారు మార్చాలన్నారట. "మా అబ్బాయి కొనిచ్చింది బాబూ, నా చేత్తో పాడుచేశానేమో" అని ఒకటే బాధ. పిడి దగ్గర వంపులో చెవిలో తిప్పుకునే ఇయర్ బడ్ పుల్ల ఒకటి అడ్డంగా ఇరుక్కుంది. దానికి వెంట్రుకలు చుట్టుకుని, వాటి మీద దుమ్ము పేరుకుని, బొటనవేలంత ఉండ అయింది. నొక్కితే పాత దిండులో దూదిలా గట్టిగా ఉంది. ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని "ఇంతేనా?" అని రెండుసార్లు అడిగారు.

ఇనుప చువ్వతో పొడవమని వాట్సాప్‌లో తిరిగే సలహా దయచేసి వినకండి. పైపు పొర చిరిగితే గాలి అక్కడే పోతుంది, ఇక పైపే మార్చాలి. మొద్దు చివరున్న చీపురు కర్రతో మెల్లగా నెట్టండి. బ్లోయర్ ఉన్న మిషనైతే పైపుని అటు తగిలించి, రెండో చివర గోనెసంచిలో పెట్టి ఊదించండి.

బ్యాగు నిండితేనే దులపాలన్నది ఇంకో అపోహ. ముగ్గు పిండి, గోడ పుట్టీ పొడి లాంటి మెత్తటి దుమ్ము సగం బ్యాగులోనే రంధ్రాలన్నీ మూసేస్తుంది. అగరుబత్తి బూడిద వేడిగా ఉన్నప్పుడు అసలు లాగకండి, లోపల నిప్పు అంటుకోవచ్చు. తడి నేల మీద పొడి మిషన్ వాడొద్దు, షాక్ కొట్టొచ్చు. తడి-పొడి మిషన్ నీళ్లు లాగుతూ ఠక్కున లాగడం ఆపితే, డబ్బా నిండి, నీటి మీద తేలి గాలి దారిని మూసే ఫ్లోట్ మూసుకుందని అర్థం. స్విచ్ ఆపి నీళ్లు పారబోస్తే సరి.

ఫిల్టర్లన్నీ కడగొచ్చనీ అనుకుంటారు. కడగొచ్చని దాని మీద రాసి ఉంటేనే కడగండి. కడిగాక నీడలో కనీసం ఒక రోజు ఆరబెట్టండి. చేతికి ఆరినట్టున్నా మడతల్లో తేమ ఉంటుంది. ఆ తేమతోనే బిగించి తిప్పితే, బాగున్న మోటారు అప్పుడు నిజంగానే పోవచ్చు.