కుట్లు మాత్రం తెల్లగానే ఉన్నాయి

ఒక ఆదివారం మా ఇంట్లో మూడు తెల్ల బనియన్లు గులాబీ రంగుకు తిరిగాయి. నేరం ఎవరిదో తేల్చడానికి పెద్దగా ఆలోచించనక్కర్లేదు. పది రోజుల క్రితం కొన్న మెరూన్ రంగు లంగా వాషింగ్ మెషీన్ అడుగున ఏమీ ఎరగనట్టు ముడుచుకుని ఉంది. "తెల్లబట్టలూ రంగుబట్టలూ కలిపి వెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాను?" అని అమ్మ అందుకుంది. వింటూనే ఒక బనియను తీసి కిటికీ వెలుతురులో పట్టి చూశాను. బట్టంతా గులాబీయే. భుజాల దగ్గర, చంకల దగ్గర వేసిన కుట్లు మాత్రం తెల్లగానే ఉన్నాయి. మెడ వెనక కుట్టిన చిన్న లేబులూ అంతే, కొన్ననాటి తెలుపు చెక్కుచెదరలేదు.

అన్నీ ఒకే నీళ్ళలో, ఒకే సబ్బుతో, ఒకేసారి తిరిగినవే. తేడా ఒక్కటే. బనియను నూలుది, కుట్టుదారమూ లేబులూ పాలిస్టర్‌వి. ఇంకో సాక్షి కూడా ఉంది. అదే విడతలో నా ఆరేళ్ళ నాటి ఎర్ర టీషర్టు తిరిగింది. అది తెల్లబట్టలతో కలిసి ఉతుక్కోవడం ఎన్నోసారో లెక్కలేదు. ఇంతవరకు ఎవరికీ ఏమీ అంటించిన పాపాన పోలేదు.

రంగు చూసి బట్టలు వేరు చేయాలన్న పాత నియమాన్ని ఆ కుట్లే నాకు అనుమానంలో పడేశాయి. ఎరుపుకు ఎరుపే కదా, ఒకటి దిగి ఇంకోటి దిగకపోవడం ఏమిటి? గళ్ళ లుంగీ సంగతేమిటి? అందులో ముదురు నీలం, ఎరుపు, తెలుపు పక్కపక్కనే ఉంటాయి, ఎన్ని ఉతుకులు పడ్డా ఒకదానిలోకి ఒకటి దిగవు. పట్టుచీర అంచొకటి, ఒళ్ళొకటి రెండు రంగులయితే దేన్ని వేరు చేసి ఉతుకుతాం?

నూలు పోగుకు నీళ్ళంటే ఇష్టం. తడిస్తే ఉబ్బుతుంది, సందులు తెరుచుకుంటాయి, నీళ్ళలో కరిగిన రంగు లోపలికి చొరబడుతుంది. పాలిస్టర్ పోగు అలా కాదు. నీళ్ళను దాదాపుగా దగ్గరికి రానివ్వదు. దానికి రంగు వేయాలంటే కార్ఖానాలో ఒత్తిడి పెంచి నీటిని 130 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేయాలి, అప్పుడుగాని పోగు వదులై రంగును లోపలికి రానివ్వదు. చల్లారాక మళ్ళీ బిగుసుకుంటుంది. వేసే రంగు కూడా వేరే రకం, నీళ్ళలో సరిగ్గా కరగనిది. అందుకే పాలిస్టర్ చొక్కా మామూలు ఉతుకులో రంగు వదలడం తక్కువ, పక్కనున్న నూలు బట్ట వదిలిన రంగును అది పుచ్చుకోవడం అంతకంటే తక్కువ. నా బనియను కుట్లు తెల్లగా మిగిలిన రహస్యం ఇదే.

మరి లంగా, టీషర్టు రెండూ నూలువే కదా? ఇక్కడ రంగుల చరిత్ర కొంచెం కావాలి. పూర్వం నూలుకు గట్టి ఎరుపు ఎక్కాలంటే మధ్యవర్తి ఉండాల్సిందే. పెడన, మచిలీపట్నం కలంకారీ పనివాళ్ళు బట్టను కరక్కాయ నీళ్ళలో ముంచి, ఎరుపు రావలసిన చోట పటిక అద్ది, తరవాత రంగుతో ఉడికిస్తారు. పటికలోని అల్యూమినియం ఒక చేత్తో పోగును, ఇంకో చేత్తో రంగును పట్టుకుంటుంది. 1880లలో జర్మనీలో పాల్ బోటిగర్ కాంగో రెడ్ అనే కృత్రిమ రంగు తయారు చేశాడు. దానికి పటికా అక్కర్లేదు, కరక్కాయా అక్కర్లేదు. వేడినీళ్ళలో వేసి బట్టను ముంచితే చాలు. ఈ జాతి రంగులు చవక, వాడటం సులువు, అందుకే ఇప్పటికీ బతికున్నాయి. కాకపోతే పోగుతో వీటి సంబంధం గట్టి బంధం కాదు, ఒరుసుకుని కూర్చోవడం లాంటిది. నీళ్ళు తగిలినప్పుడల్లా కొంచెం కొంచెంగా లేచిపోతాయి. (ఇలా మధ్యవర్తి లేకుండా నూలుకు ఎక్కే రంగు మన వంటింట్లోనూ ఉంది, పసుపు. పసుపు మరక మీద సబ్బు రుద్దితే ఎర్రబడటం చూసే ఉంటారు. అది క్షారం పని, జాడించేస్తే మళ్ళీ పసుపవుతుంది. ఎండలో ఆరేస్తే చాలావరకు వెలిసిపోతుంది.)

కథ మలుపు తిరిగింది 1950లలో. ఐసీఐ అనే బ్రిటిష్ రసాయనాల కంపెనీలో రాటీ, స్టీఫెన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు, నూలు అణువుతో నేరుగా రసాయన బంధం వేసుకునే రంగులను కనిపెట్టారు. అవి 1956లో ప్రోసియాన్ పేరుతో అమ్మకానికి వచ్చాయి. ఆ బంధం సబ్బునీళ్ళకు తెగేది కాదు. నా పాత టీషర్టు ధైర్యం బహుశా ఈ జాతి రంగు వల్లనే. ఇవాళ నూలు బట్టల్లో ఎక్కువగా కనిపించేవీ ఇవే.

అయితే ఇందులోనూ ఒక తిరకాసుంది. రంగు అణువుకు నూలును పట్టుకోవడం ఎంత ఇష్టమో, చుట్టూ ఉన్న నీటిని పట్టుకోవడమూ ఇష్టమే. అద్దకం తొట్టిలో కొన్ని అణువులు నూలుతో జతకడితే, మరికొన్ని నీటితో జతకట్టేస్తాయి. అలా నీటిపాలైన అణువు ఇక నూలుతో బంధం వేసుకోలేదు. పోనీ నీళ్ళతో పాటు కొట్టుకుపోతుందా అంటే, అదీ లేదు. పోగు సందుల్లో ఊరికే ఇరుక్కుని కూర్చుంటుంది. దాన్ని వదిలించాలంటే అద్దకం అయ్యాక బట్టను ముందు చన్నీళ్ళతో, తరవాత మరిగే సబ్బునీళ్ళతో పదేపదే జాడించాలి. దీనికి నీరు కావాలి, ఆవిరి కావాలి, సమయం కావాలి, అన్నిటికీ డబ్బు కావాలి. మెరూన్, నలుపు, ముదురు ఎరుపు లాంటి వాటిలో రంగు ఎక్కువ పోస్తారు కనుక మిగిలిపోయేదీ ఎక్కువే. చవకగా అమ్మవలసిన సరుకుకు రెండు జాడింపులు తగ్గిస్తే ఎవరికి తెలుస్తుంది? ఆ రెండు జాడింపులూ మన ఇంటి బకెట్టులో జరుగుతాయి. కొత్త బట్ట మొదటి నాలుగైదు ఉతుకుల్లో దిగే రంగులో చాలాభాగం ఇదే, కార్ఖానాలో పూర్తికాని పని.

ఇక్కడే ఉప్పు సంగతి చెప్పాలి. కొత్త చీర కొంటే ముందు ఉప్పునీళ్ళలో నానబెట్టమంటారు, రంగు నిలుస్తుందని. ఈ నమ్మకానికి మూలం లేకపోలేదు. నూలు నీళ్ళలో కాస్త ఋణావేశంతో ఉంటుంది. నూలు రంగులు చాలావరకు ఋణావేశంవే. రెండూ ఒకదాన్నొకటి దూరం నెట్టుకుంటాయి. ఉప్పు వేస్తే సోడియం ఆ గొడవ తగ్గించి రంగును బట్ట వైపు తోస్తుంది. అందుకే అద్దకం తొట్టిలో లీటరుకు పదుల గ్రాముల చొప్పున ఉప్పు పోస్తారు. కానీ మన చేతిలో ఉన్నది అద్దకం అయిపోయిన బట్ట. దానిలో మిగిలిన వదులు రంగు బయటికి పోవాలి, లోపల దాగకూడదు. ఉప్పునీళ్ళలో ఉన్నంతసేపు రంగు దిగనట్టే కనిపిస్తుంది. "చూశావా, ఉప్పు పనిచేసింది" అంటాం. మర్నాడు మామూలు నీళ్ళు తగలగానే అది మళ్ళీ దిగుతుంది. కార్ఖానాల్లో అద్దకం తరవాత చన్నీళ్ళతో జాడించేది ముందు ఆ ఉప్పు పోవాలనే, అది పోతేగాని వదులు రంగు కదలదు. ఇంకా పెద్ద చిక్కేమిటంటే, ఆ ఉప్పు బకెట్టులో ఒక తెల్ల నూలు బట్ట కూడా ఉంటే, తేలుతున్న రంగును ఉప్పు దాని మీదికి కూడా తోస్తుంది. మనం చేస్తున్నది చిన్న అద్దకమే, పేరు మాత్రం ఉతకడం. నూలు బట్ట విషయంలో వెనిగర్ కూడా అంతే. పట్టు, ఉన్ని మీది కొన్ని రంగులకు పులుపు కాస్త సాయం చేస్తుంది, నూలుకు చేయదు.

కలంకారీ పనివాళ్ళు ఈ గుట్టు ఎప్పుడో పట్టారు. అద్దిన బట్టను నిలవనీటిలో కాకుండా కాలువలో పారే నీటిలో కడుగుతారు. అదనపు పటిక, వదిలిన రంగు పక్కనున్న తెల్లటి చోట కూర్చోకముందే నీరు వాటిని లాక్కుపోవాలి. దీన్నిబట్టి చూస్తే మన అలవాట్లలో అన్నిటికంటే ప్రమాదకరమైనది మెషీన్ కాదు, రాత్రంతా సర్ఫు నీళ్ళలో బకెట్టు నిండా బట్టలు కుక్కి నానబెట్టడం. తక్కువ నీళ్ళు, ఎక్కువ సమయం, కదలని నీరు. దిగిన రంగుకు పక్కబట్టను వెతుక్కోవడానికి ఇంతకంటే మంచి వసతి ఉండదు. దానికి వేడినీళ్ళు తోడైతే ఇక చెప్పక్కర్లేదు. ఉతకడం అయ్యాక తడి బట్టలను ముద్దగా గంటల తరబడి వదిలేయడమూ అంతే. వాటిని వెంటనే దండెం మీద వేస్తే సగం గొడవలు ఉండవు.

జీన్స్ కథ వేరు. వాటికి వాడే నీలిమందు నీళ్ళలో కరగదు. దాన్ని రసాయనాలతో కరిగే రూపానికి తెచ్చి, నూలును ముంచి, గాలికి ఆరబెడితే మళ్ళీ నీలంగా మారి పోగు పైపొరలో గడ్డకడుతుంది. దారాన్ని మధ్యకు తుంచి చూస్తే లోపల తెల్లగా కనిపిస్తుంది. గోడకు వేసిన సున్నంలా పైపైన ఉంటుంది కనుక రాపిడికి రాలుతుంది. కొత్త జీన్స్ వేసుకుని తెల్ల సోఫా మీద కూర్చున్నవాళ్ళకు ఇది తెలుసు. అంచేత జీన్స్ ఎంత పాతవైనా నేను తెల్లబట్టలతో వేయను. ఆ జిప్పులూ గుండీలూ పలచటి బట్టలను చీరేస్తాయన్నది అదనపు కారణం.

ఇన్ని రకాల రంగులున్నప్పుడు ఏది దిగుతుందో చూసి చెప్పలేం. అంగడివాడి మాట మీద అసలు చెప్పలేం. పరీక్ష సులువు. బట్ట లోపలి మడతలో చిన్న చోటును తడిపి, దాని మీద తెల్ల నూలు రుమాలు పరిచి, వేడి ఇస్త్రీపెట్టెతో గట్టిగా అదమాలి (పట్టుకూ నైలానుకూ వేడి తగ్గించుకోవాలి). లంగా మీద చేస్తే రుమాలు మీద గులాబీ మచ్చ స్పష్టంగా పడింది. జీన్స్‌తో మబ్బు నీలం. పాత ఎర్ర టీషర్టుతో ఏమీ లేదు.

బట్టల పరిశ్రమవాళ్ళు చేసేదీ ఇలాంటిదే, మరింత పద్ధతిగా. ఐఎస్‌ఓ 105 అనే ప్రమాణం ప్రకారం, పరీక్షించే ముక్కకు ఒక చారల పట్టీ కుడతారు. ఆ పట్టీలో ఆరు రకాల పోగులు వరసగా ఉంటాయి: అసిటేట్, నూలు, నైలాన్, పాలిస్టర్, యాక్రిలిక్, ఉన్ని. రెండింటినీ కలిపి చిన్న ఉక్కు డబ్బాలో సబ్బునీళ్ళతో తిప్పి, ఏ చారకు ఎంత రంగు అంటిందో బూడిదరంగు కొలతలతో పోల్చి 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు. 5 అంటే మచ్చ లేదు. ఒకే ఉతుకులో నూలు చార ముదిరి, పాలిస్టర్ చార తెల్లగా మిగలడం అక్కడ రోజూ కనిపించేదే. నా బనియనుకు తెలియకుండానే ఆ పరీక్ష జరిగిపోయింది, రెండే పోగులతో.

ఇంత చెప్పాక కూడా తెల్లబట్టలు నేను వేరుగానే వేస్తాను. కారణం మాత్రం ఎరుపు కాదు, మురికి. మట్టిలో పొర్లిన పిల్లల నిక్కరు నుంచి ఊడిన మురికి నీళ్ళలో తేలుతూ, అదను దొరికితే ఇంకో బట్ట మీద కూర్చుంటుంది. అలా కూర్చోకుండా చూడటానికి డిటర్జెంట్లలో ప్రత్యేక పదార్థాలు కలుపుతారు. బోరు నీళ్ళ కాఠిన్యం ముందు వాటి ఆట పూర్తిగా సాగదు. రంగుబట్టల మీద ఇది కంటికి ఆనదు, తెల్లపంచె మీద నాలుగు నెలల్లో తెలిసిపోతుంది.

పైగా తెల్లబట్ట మనం అనుకున్నంత తెలుపు కాదు. నూలు సహజంగా మీగడరంగు. ఆ పసుపుదనం కనబడకుండా మన పెద్దవాళ్ళు చివరి నీళ్ళలో నీలం కలిపేవారు. అంటే ప్రతి ఉతుక్కీ కావాలనే ఒక రంగు అంటించేవారు. ఇప్పుడు డిటర్జెంట్లలో కలిపే మెరుపు రసాయనాలు, కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని నీలి వెలుగుగా వదులుతాయి. అవి బట్ట మీద నిలిచిపోవడం కోసమే తయారైన రంగులు. మీగడరంగు ఖద్దరు చొక్కాను పదిసార్లు ఆ డిటర్జెంట్‌తో ఉతికి, ఉతకని ఖద్దరు పక్కన పెట్టి చూడండి. దాని వన్నె మారిపోయి ఉంటుంది. ఏ ఎర్రలంగా సాయమూ లేకుండా.

రంగు దిగడాన్ని గొప్పగా చెప్పుకుని అమ్మినవాళ్ళూ ఉన్నారు. మద్రాసు గళ్ళ బట్ట ఉతికినప్పుడల్లా రంగు వదిలేది. 1960ల ప్రాంతంలో అమెరికాలో ఆ బట్టతో కుట్టిన చొక్కాలకు "రంగు దిగుతుంది, గ్యారంటీ" అనే అర్థంలో ప్రకటనలు వేశారు. ప్రతి ఉతుక్కీ గళ్ళు ఒకదానిలోకి ఒకటి కలిసి కొత్త చొక్కా అవుతుందని జనం ఇష్టపడి కొన్నారు. మా లంగాకు అంత అదృష్టం లేదు.

దాన్ని ఆ తరవాత నాలుగుసార్లు విడిగా ఉతికాం. ఐదోసారి రుమాలు పరీక్షలో మచ్చ పడలేదు. ఇప్పుడది మిగతా రంగుబట్టలతోనే తిరుగుతోంది. గులాబీ బనియన్లలో రెండింటిని ఆ రోజే, తడి ఆరకముందే, ఆక్సిజన్ రకం బ్లీచు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి మళ్ళీ ఉతికాను. తెల్లబడ్డాయి. మూడోది అప్పటికే అమ్మ ఎండలో ఆరేసింది, ఇస్త్రీ కూడా అయిపోయింది. ఎంత చేసినా గులాబీ ఛాయ పూర్తిగా పోలేదు. ఇంట్లో వేసుకుంటున్నాను. కుట్లు ఇప్పటికీ తెల్లగానే ఉన్నాయి.