ముహూర్తం పాలు పొంగించడానికి, లారీ ఎక్కించడానికి కాదు: ఇల్లు మారేవాళ్ల అపోహలు - వాస్తవాలు

వేసవి సెలవులు సగానికి వచ్చాయంటే, ఇంటి సామాను లారీల్లో తరలించే మా ఫోనుకు తీరిక ఉండదు. "అన్నా, ఆ రోజు ముహూర్తం బాగుంది, లారీ ఆ రోజే కావాల." తేదీ వినకముందే నాకు తెలిసిపోతుంది, కర్నూలులో ఇల్లు మారేవాళ్లంతా ఆ తేదీ మీదే కూర్చున్నారని. పైగా 2026లో సంగతి ఇంకా ఇరుకు. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, ఆ నెల రోజులు గృహప్రవేశాలు ఎవరూ పెట్టుకోరు. జులై మధ్యలో ఆషాఢం పడుతుంది. మిగిలింది నిజ జ్యేష్ఠం ఒక్కటే. బడులు తెరిచేది, ఉద్యోగుల బదిలీలు, ఓనర్లు ఖాళీ చేయమనేది అన్నీ ఆ చుట్టుపక్కలే.

అపోహ: ముహూర్తం రోజే సామానంతా కొత్తింట్లోకి చేరాలి.

జనం జేబుకు ఎక్కువ చిల్లు పెట్టేది ఇదే, అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నా. మీ పురోహితుడిని ఒకసారి అడిగి చూడండి. దేవుడి పటం, దీపం, పసుపు కుంకుమ, ఉప్పు, బియ్యం తీసుకుని లోపలికి అడుగుపెట్టి పాలు పొంగిస్తే ప్రవేశం అయినట్టేనని, సామాను తర్వాత తెచ్చుకోవచ్చని నాకు తెలిసిన అయ్యవార్లంతా చెప్పే మాటే. సోఫాకు, వాషింగ్ మిషన్‌కు ముహూర్తం పెట్టమని ఏ పంచాంగంలోనూ నేను చూడలేదు.

అయినా ఎవరూ వినరు. పోయిన సీజన్‌లో నంద్యాల రోడ్డు వైపు ఒక అపార్ట్‌మెంట్‌కు వెళ్లాం. ముహూర్తం తెల్లవారుజామున, అసోసియేషన్ వాళ్లేమో తొమ్మిది దాటందే లారీని గేటు లోపలికి రానివ్వమన్నారు. ఇంటాయన అరుస్తున్నాడు, వాచ్‌మన్ తాళం తీయడం లేదు. పాలు పొంగిద్దామంటే స్టవ్వు లారీలో బీరువా వెనకాల, దాని మీద పరుపులు, వాటి మీద కుర్చీలు. వాళ్లమ్మ, డెబ్బై దాటిన మనిషి, గిన్నెలో పాలు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది. చివరికి ఎదురు ఫ్లాటు ఆవిడ ఇండక్షన్ పొయ్యి ఇస్తే ముహూర్తం దాటకుండా పాలు పొంగాయి. తొమ్మిదింటికి ఇంకో కుటుంబం లారీ కూడా వచ్చి ఆగింది, వాళ్లదీ అదే ముహూర్తం. బ్లాకుకు ఉన్నది ఒక్కటే లిఫ్టు, అదీ ఆరుగురు పట్టేది. హమాలీలు డబుల్ కాట్‌ను విప్పి మెట్ల మీదుగా నాలుగో అంతస్తు ఎక్కించారు. మలుపులో డ్రెస్సింగ్ టేబుల్ అద్దం గోడకు తగిలి పగిలింది. ఆ పెద్దావిడ ఆ అద్దాన్ని చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది, శకునం బాలేదని. అమ్మా, శకునం కాదు, తొందర అన్నాను. నమ్మిందో లేదో తెలీదు.

డబ్బు లెక్క కూడా చూడండి. ముహూర్తం రోజున మేము ఒకటిన్నర రెట్లు అడుగుతాం, దాపరికం ఎందుకు, హమాలీలు మమ్మల్ని అంతకంటే ఎక్కువ అడుగుతారు. పొద్దున ఒక ఇల్లు దించి, మధ్యాహ్నం నలభై డిగ్రీల ఎండలో మీ ఇంటికి వచ్చిన మనిషి చేతిలో మీ గాజు సామాను ఎంత భద్రమో మీరే ఆలోచించుకోండి. అలా కాకుండా, ముహూర్తానికి మీ కారులోనో ఆటోలోనో పూజ సామాను, ఒక ఇండక్షన్ పొయ్యి, పాలగిన్నె తీసుకెళ్లి పని ముగించుకుని, లారీని మూడు నాలుగు రోజులు ఆగి బుధవారమో గురువారమో పెట్టుకోండి. పాత ఇంటికి నాలుగు రోజుల అద్దె ఎక్కువ పడుతుందంటారా, నెలకు పదివేల అద్దె అయితే అది 1,350 రూపాయల లోపే. ఇండక్షన్ పొయ్యి పెట్టుకునేవాళ్లు కొత్తింట్లో కరెంటు వస్తోందో లేదో ముందురోజే చూసుకోండి.

ఓనరు ఫలానా తేదీకి ఖాళీ చేయాల్సిందే అంటున్నాడని కొందరు నిజంగానే నలిగిపోతుంటారు. వాళ్లను నేనేమీ అనను. వాళ్లు మాత్రం కనీసం మూడు వారాల ముందే బుక్ చేసుకోవాలి. కొత్త అపార్ట్‌మెంట్ సెక్రటరీతో మాట్లాడి లిఫ్టు ఏ టైముకు ఇస్తారో, చార్జీ ఎంతో, సెల్లార్‌లోకి ఐచర్ లారీ దిగుతుందో లేదో కనుక్కోవాలి. చాలా సెల్లార్లలోకి టాటా ఏస్ లాంటి చిన్న బండి తప్ప ఏదీ దూరదు.

అపోహ: ఈ-వే బిల్లు లేకపోతే దారిలో లారీ పట్టుకుంటారు.

ఈ-వే బిల్లంటే సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే పత్రం. ఈ వాట్సాప్ మెసేజ్ ఎవరు పుట్టించారో గానీ, విని విని విసుగొచ్చింది. వాడిన ఇంటి సామానుకు జీఎస్టీ నిబంధనల్లోనే ఈ-వే బిల్లు నుంచి మినహాయింపు ఉంది. లారీ బయల్దేరాక ఫోన్ చేసి ఈ-వే బిల్లు ఫైన్ కట్టాలి, డబ్బు వేయండి అని ఎవడైనా అడిగితే వాడు మిమ్మల్ని ముంచుతున్నాడని అర్థం. సామాను లిస్టు, లారీ రసీదు మాత్రం దగ్గర పెట్టుకోండి.

అపోహ: సామాను విలువలో మూడు శాతం కట్టాం కాబట్టి ఇన్సూరెన్స్ ఉన్నట్టే.

కాగితం మీద బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు ఉంటేనే అది ఇన్సూరెన్స్. లేకపోతే సామాను తరలించేవాడు ఇచ్చిన నోటిమాట, అంతే. నగలు, డబ్బు, పట్టా కాగితాలు లారీలో పెట్టకండి, మాకూ ఆ టెన్షన్ వద్దు.

ఇక చిన్నాచితకవి. నిండు గ్యాస్ సిలిండరు లారీలో ఎక్కించం, బతిమాలినా ఎక్కించం. ఊరు మారేవాళ్లు ఏజెన్సీలో సిలిండరు, రెగ్యులేటరు ఇచ్చేసి టర్మినేషన్ వోచర్ (కనెక్షన్ రద్దు చేసినట్టు ఇచ్చే కాగితం) తీసుకుంటే డిపాజిట్ వెనక్కి వస్తుంది, ఆ వోచర్‌తో కొత్త ఊళ్లో కనెక్షన్ తీసుకోవచ్చు. ఫ్రిజ్ ముందురోజే ఖాళీ చేసి, ఐసు కరగనిచ్చి తుడవాలి. నిలబెట్టే తీసుకెళ్తాం, దించాక కొన్ని గంటలు ఆగి స్విచ్ వేయండి. ఏసీ విప్పేముందు మెకానిక్ గ్యాస్‌ను బయటి యూనిట్‌లోకి లాగాలి, మా పిల్లోడు విప్పుతాడులే అనుకుంటే గ్యాస్ గాలికి పోతుంది. బట్టలు బీరువాలోనే ఉండనీ అనేవాళ్లకు ఒకటే మాట: ఆ బరువుకు తలుపుల బందులు వంగిపోతాయి.

ఆవకాయ జాడీ సంగతి వేరే చెప్పాలి. సరిగ్గా కొత్త ఆవకాయ పెట్టిన రోజుల్లోనే ఇళ్లు మారతారు. మూతికి గుడ్డ గట్టిగా కట్టాం అంటారు, గుడ్డ నూనెను ఆపదు. మూతికి రెండు పొరల ప్లాస్టిక్ కవర్ కట్టి, దాని మీద గుడ్డ కట్టి, బకెట్‌లో నిలబెట్టి మీ కాళ్ల దగ్గరే పెట్టుకోండి. ఒకసారి చీరల మూట పక్కన పెట్టిన జాడీ ఒరిగింది. ఆ ఇంటావిడ చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తే.

చివరగా, రేటు అడిగేటప్పుడు వీడియో కాల్‌లో ఇల్లంతా చూపించండి. హాలు, బెడ్‌రూములు చూపించి అటక, బాల్కనీ వదిలేస్తారు, సగం సామాను అక్కడే ఉంటుంది. లారీ నిండాక అటక మీంచి ఇత్తడి గంగాళాలు, గ్రైండరు దిగితే ఇంకో టాటా ఏస్ పిలవాల్సిందే, సీజన్‌లో అప్పటికప్పుడు అది దొరకదు.